అందరికీ బొమ్మ చూపిస్తాడు... తాను మాత్రం చూడలేడు

తెల్లవారుజాము మూడున్నర గంటలు. కాలువ గట్టు మీది సినిమా హాలు ముందు అప్పటికే ఇసుక వేస్తే రాలనంత జనం. డప్పులు, టపాసులు, కటౌటుకు పాలాభిషేకం. ఇనుప గేటుకు లోపలి వైపు ఖాకీ చొక్కా వేసుకుని నిలబడిన మనిషి మాత్రం అరవడం లేదు. ఒక చేయి గొళ్లెం మీద, నోట్లో విజిలు. ఒకప్పుడు ఇదే హాలు ముందు కటౌట్లు కట్టిన కుర్రాళ్లలో అతనే మొదటివాడంటే ఇవాళ్టి కుర్రకారు నమ్మరు.

హీరో పేరు ఇక్కడ అనవసరం. ఏ హీరో బొమ్మకైనా ఇదే తంతు.

అభిమాన సంఘంలో తిరుగుతూ యజమాని కంట్లో పడి అతను గేట్ కీపరుగా చేరాడు. జీతం మాట తరువాత, మొదటి ఆట టికెట్టు లేకుండా చూడవచ్చునన్నదే అప్పటి ఆశ. చేరిన తరువాత వచ్చిన మొదటి పెద్ద విడుదల రోజునే ఆ ఆశ తీరిపోయింది. బెనిఫిట్ షో ఉన్న రోజున రాత్రి రెండు గంటలకు హాలుకు వస్తే, సెకండ్ షో వదిలి తాళాలు వేసేసరికి మరునాటి రాత్రి ఒంటిగంట. మధ్యలో భోజనం అంటే క్యాంటీన్‌లో మిగిలిన రెండు సమోసాలు, నిలబడి తాగిన టీ.

పూర్వం టికెట్టు సగం చింపి చేతిలో పెడితే పని అయిపోయేది. ఇప్పుడు ఫోన్లలో టికెట్లు. ఒకే టికెట్టు ఫోటో నలుగురి దగ్గర ఉంటుంది. ముందు వచ్చినవాడు లోపలికి పోతాడు, వెనక వచ్చిన ముగ్గురూ గేటు మనిషి గొంతు పట్టుకుంటారు.

పైన క్యాబిన్‌లో ఉన్న ఆపరేటరుది ఇంకో అవస్థ. కార్బన్ కడ్డీల వెలుగులో రీళ్లు ఆడించిన పాతకాలపు మనిషి. సెకనుకు 24 బొమ్మల చొప్పున నడిచే 35 ఎం.ఎం. ఫిల్ము రెండు వేల అడుగుల రీలైతే 22 నిమిషాలు వస్తుంది. తెర కుడివైపు పై మూలన చుక్క పడగానే రెండో మిషను అందుకోవాలి. చుక్క తప్పితే తెర తెల్లబోతుంది, హాలంతా ఈలలు. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగులో తొలి సినిమాస్కోపుగా వచ్చినప్పుడు దానికి వేరే లెన్సు బిగించాల్సి వచ్చేదని కుర్ర స్టాఫుకు చెబుతుంటాడు. ఫిల్ము పెట్టె బస్సు దిగితే ఊరేగింపుగా తెచ్చేవారట.

ఇప్పుడు పెట్టె లేదు, ఊరేగింపూ లేదు. సినిమా ముందే కంప్యూటరులోకి ఎక్కి ఉంటుంది. దాన్ని తెరిచే ‘కీ’ రావాలి. ఏ హాలుకు, ఏ తేదీన, ఏ గంట నుంచి అన్నది ఆ కీలోనే ఉంటుంది. అది రాకపోతే ఎంత అనుభవమున్న ఆపరేటరైనా చేతులు కట్టుకుని కూర్చోవలసిందే.

ఆ రోజు నాలుగు గంటల ఆటకు నాలుగయినా కీ రాలేదు. హాలు నిండిపోయింది. బయట ఇంకా అంతకు అంత జనం. ‘బొమ్మ వెయ్యండి’ అన్న కేకలు కాస్తా గేటును ఊపడం దాకా వచ్చాయి. వెనక ఉన్నవారికి ముందు ఏం జరుగుతోందో కనబడదు, తోస్తూనే ఉంటారు. గేటుకు ఆనుకున్నవారిలో ఒక కుర్రాడు గొంతు చించుకుని పిలిచాడు.

“మావయ్యా, నన్నొక్కణ్ణి లోపలికి లాగెయ్. అమ్మ మీద ఒట్టు, ఓ మూల నిలబడతాను.”

సొంత అక్క కొడుకు. చేతిలో టికెట్టు లేదు. గొళ్లెం తీస్తే వచ్చేది ఒక్కడు కాదు, ఆ వెనక ఉన్న వందలమంది అని మేనమామకు తెలుసు.

“ఒరేయ్, పక్కకు జరిగి గోడకు ఆనుకో. గేటు మీద బరువు వెయ్యకు” అన్నాడు గాని తలుపు తీయలేదు. అక్క ఇంట్లో ఆ మాట ఇంకా నడుస్తూనే ఉంది.

2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని థియేటరు దగ్గర ప్రీమియర్ వేళ జరిగిన తొక్కిసలాటలో ఒక మహిళ మరణించింది, ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. సినిమాకని వెళ్లిన ఇల్లాలు. ఆ వార్త తరువాత తనకు విజిలు ఊదాలంటేనే భయమని ఈ గేట్ కీపరు ఒప్పుకుంటాడు. విజిలు వింటే గేటు తెరిచారనుకుని జనం మీదపడతారట.

అంతకన్నా పెద్ద తగాదా పక్క తలుపులది. టికెట్టు లేనివారు అటునుంచి దూరుతారని పెద్ద సినిమాకు వాటికి తాళం వేయడం చాలా హాళ్లలో అలవాటు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ హాలులో పొగ కమ్మి 59 మంది చనిపోయారు. బాల్కనీలో దారి మూసుకుపోవడం అందుకు పెద్ద కారణం. ఆ సంగతి ఆపరేటరు నోట విన్నప్పటి నుంచి తాళం వద్దని గేట్ కీపరు పట్టుబట్టాడు. తాళం లేకపోతే ప్రతి తలుపు దగ్గరా ఒక మనిషి ఉండాలి. ఉన్న స్టాఫు ఆరుగురు. కాబట్టి గేటు మూశాక ఎడమ తలుపు అతనిదే. అక్కడి నుంచి తెర కనబడదు, స్తంభం అడ్డం.

నాలుగూ ఇరవైకి కీ వచ్చింది. బొమ్మ పడింది. హీరో ప్రవేశానికి హాలు దద్దరిల్లింది, కాగితాలు ఎగిరాయి. ఒకడు తెర ముందు కర్పూరం వెలిగించబోతే గేట్ కీపరు తలుపు పక్కవాడికి అప్పగించి పరుగెత్తి చేత్తోనే ఆర్పాడు. అరచేయి బొబ్బ ఎక్కింది. తెర కాలితే మిగిలిన ఆటలన్నీ పోతాయి, జనం పరుగు తీస్తే అంతకన్నా ఘోరం. తలెత్తి చూసేసరికి హీరో ముఖం మరీ దగ్గరగా, అడ్డదిడ్డంగా కనిపించిందని నవ్వుతాడు. ఆ రోజు మొత్తానికి అతను చూసింది అదే.

ఆ ఉద్యోగం మానేయవచ్చు గదా అంటే సూటిగా జవాబివ్వడు. మూడో ఆటకు బాల్కనీ మెట్ల కింద నిలబడి, పైనుంచి వచ్చే ఈలలను బట్టి ఏ సీను నడుస్తోందో పక్కవాడికి చెబుతుంటాడు. చాలావరకు తప్పదు.

సెకండ్ షోకు సగం కుర్చీలు ఖాళీ. మేనల్లుడు అప్పుడు టికెట్టు కొనుక్కుని వచ్చాడు, మావయ్యతో మాట్లాడకుండానే ఫోను చూపించి లోపలికి పోయాడు. ఇంటర్వెల్‌లో మాత్రం ఒక టీ గ్లాసు తెచ్చి గేటు పక్క స్టూలు మీద పెట్టి వెళ్లాడు.

ఆట వదిలేసరికి హాలు నిండా కాగితం ముక్కలు, నీళ్ల సీసాలు, తెగిన చెప్పులు. ఊడ్చేది ఇద్దరు ఆడవాళ్లు. మరునాటి మార్నింగ్ షోకు పది గంటలకల్లా గేటు తీయాలి.