ప్లాటిపస్ - ఆహారము, శత్రువులు

మాంసాహార జంతువులు కంటితోగాని, చెవితోగాని, ముక్కుతోగాని ఆహారమును వెదకుకొనునని మన మెరుగుదుము. ఈ మూడింటిని మూసికొని వేటాడు జంతువు ఒకటి కలదు. అదియే ప్లాటిపస్. ఇది ఆస్ట్రేలియా తూర్పు భాగమందలి నదులలోను, టాస్మేనియా దీవిలోను నివసించును. బాతుకువలె ముక్కు, ఒడలినిండ బొచ్చు గల ఈ జంతువు గ్రుడ్లు పెట్టి, పిల్లలకు పాలిచ్చును. 1799లో దీనిని వర్ణించిన జార్జి షా అను ఆంగ్ల శాస్త్రజ్ఞునకే ఇది నిజమైన జంతువా అని సందేహము కలిగెను.

కన్ను మూసికొని ఎరను ఎట్లు పట్టును? ప్రాణుల కండరములు కదలునపుడు స్వల్పముగ విద్యుత్తు పుట్టును. రొయ్య తోక విదల్చినను అది నీటిలో వ్యాపించును. దీనిని గుర్తించు సూక్ష్మ గ్రాహకములు ప్లాటిపస్ ముక్కు చర్మములో సుమారు 40,000 కలవు. ముక్కును ఇటునటు ఆడించుచు ఈదునపుడు ఎర ఏ వైపున ఉన్నదో దానికి తెలియును. 1986లో శాస్త్రజ్ఞులు నీటిలో చిన్న బ్యాటరీని ఉంచగా, అది దానిని కూడ వెదకి పట్టెను.

తూనీగ మొదలగు కీటకముల డింభకములు, పురుగులు, రొయ్యలు దీని ఆహారము. దొరికినదానిని బుగ్గసంచులలో నింపుకొని, పైకి వచ్చి నమలును. పెద్దదానికి పండ్లు లేవు. నోటిలోని గట్టి పలకల మధ్య నలిపి మ్రింగును. దినమునకు తన బరువులో దాదాపు అయిదవ వంతు ఆహారము కావలెను. ఆ లెక్కన 50 కిలోల విద్యార్థి 10 కిలోలు తినవలెను! అందుచేత ఇది రోజులో చాల గంటలు నీటిలోనే గడపును.

కొండచిలువలు, ఉడుములు, గ్రద్దలు, ఉత్తరమున మొసళ్ళు దీని సహజ శత్రువులు. మగదాని వెనుకకాలికి విషపు ముల్లు కలదు. అది ముఖ్యముగ జతకట్టు కాలమున తోటి మగవానితో పోరుటకు ఉపయోగపడును. ఆడుదానికి అదియును లేదు. నీరే దానికి కోట.

వానలు లేక నది ఎండి మడుగులుగా విడిపోయినపుడు, ఆకలిచే ఇది మడుగునుండి మడుగునకు నేలమీద నడువవలసి వచ్చును. నేలమీద దీని నడక నెమ్మది. కుక్కలు, 19వ శతాబ్దమున ఐరోపావారు తెచ్చిన ఎర్రనక్కలు అప్పుడు దీనిని పట్టును.

మానవుడును శత్రువే. రొయ్యలకై నీటిలో దించు మూసిన వలబుట్టలలో చిక్కిన ప్లాటిపస్ గాలికై పైకి రాలేక కొద్ది నిమిషములలో చచ్చును. విక్టోరియా రాష్ట్రము 2019లో ఆ బుట్టలను నిషేధించెను. ఈ జంతువునకు ఆహారమును, ఆశ్రయమును ఇచ్చునది నదియే. కావున దీనిని రక్షింపవలెనన్న ముందు నదిలో నీరు నిలుపవలెను.