డాక్టర్ గారి రెండు నిమిషాల్లో ఆక్యుపేషనల్ థెరపీకి చోటెక్కడ?

పక్షవాతం వచ్చిన పెద్దాయన ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చారు. చేయి పట్టుకుంటే నడుస్తున్నారు. కానీ కుడిచేత్తో అన్నం కలుపుకోలేరు, చొక్కా గుండీలు పెట్టుకోలేరు, స్నానానికి చెంబు ఎత్తుకోలేరు. ఈ పనులు మళ్లీ చేతికి అలవాటు చేయించేది ఆక్యుపేషనల్ థెరపిస్టు. అలాంటివారు ఊళ్లోనే ఉన్నా, పెద్దాయన అక్కడిదాకా వెళ్లాలంటే చాలాసార్లు డాక్టర్ చీటీ మీద ఆ మాట పడాలి. అది ఎలా పడుతుందో అంకెల్లో చూద్దాం.

2 నిమిషాలు

ప్రాథమిక వైద్యంలో ఒక్కో రోగికి డాక్టర్లు ఇచ్చే సమయం మీద 67 దేశాల లెక్కలతో 2017లో ‘బీఎంజే ఓపెన్’ పత్రికలో ఒక సమీక్ష వచ్చింది. స్వీడన్‌లో 22 నిమిషాల పైమాటే. బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. మన దేశంలో సుమారు 2 నిమిషాలు. అంతలోనే బీపీ చూడాలి, మందులు మార్చాలి, ఇంటివాళ్ల సందేహాలు తీర్చాలి. థెరపిస్టు ఎప్పుడో ఇచ్చి వెళ్లిన రంగుల బ్రోచర్ ఆ వేళకు గుర్తొస్తుందా?

దీనికితోడు పేరుతో ఒక తంటా. ఆక్యుపేషనల్ థెరపీని పొట్టిగా ‘ఓటీ’ అంటారు, కానీ ఆస్పత్రిలో ‘ఓటీ’ అంటే ఆపరేషన్ థియేటరే. అందుకే కార్డు మీదైనా, ఉత్తరంలోనైనా పేరు పూర్తిగా రాయాలి. మన దేశంలో ఆక్యుపేషనల్ థెరపీ చదువు 1950లోనే ముంబయిలో మొదలైంది. 1952లో అఖిల భారత సంఘం ఏర్పడింది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం దీన్ని గుర్తించింది. అయినా ఫిజియోథెరపీలో ఇదో రకమనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గీత గీసినట్టు విడదీయలేం కానీ, స్థూలంగా కదలిక మీద ఫిజియో చూపు ఉంటే, ఆ కదలికతో రోజువారీ పని జరుగుతోందా లేదా అన్నది ఆక్యుపేషనల్ థెరపిస్టు చూసుకుంటారు.

19లో 1

డాక్టర్‌ను ఒప్పించేది ఆధారం. అమెరికా ఆస్పత్రుల ఖర్చును 19 పద్దులుగా విడదీసి చూసిన ఒక అధ్యయనం 2016లో వెలువడింది. గుండె వైఫల్యం, న్యుమోనియా, గుండెపోటు: ఈ మూడింటిలోనూ, ఖర్చు పెరిగినచోట 30 రోజుల్లోపు మళ్లీ ఆస్పత్రిలో చేరేవారి శాతం తగ్గి కనిపించిన పద్దు ఒక్కటే. అదే ఆక్యుపేషనల్ థెరపీ. దీనివల్లే అది తగ్గిందని ఈ లెక్క రుజువు చేయదు, రెండింటికీ పొంతన ఉందని మాత్రం చెబుతుంది. డాక్టర్ ముందు ఈ తేడాను దాచకుండా చెప్పే థెరపిస్టు మీదే నమ్మకం కుదురుతుంది.

10 పనులు, 100 మార్కులు

అమెరికా లెక్క కన్నా డాక్టర్‌కు దగ్గరగా తగిలేది సొంత రోగి లెక్క. దానికి 1965 నుంచీ ఉన్న కొలమానం బార్తెల్ ఇండెక్స్. తినడం, స్నానం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డి వాడకం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మెట్లెక్కడం వంటి 10 అంశాలకు కలిపి 100 మార్కులు.

మన పెద్దాయనకు తొలిరోజు 55 వచ్చాయనుకుందాం. తినడానికి 10కి 5, ఎవరో ఒకరు అన్నం కలిపివ్వాలి కాబట్టి. స్నానానికి 5కి సున్నా. కొన్ని వారాల తర్వాత తినడం, స్నానం, ముఖం కడుక్కోవడం, బట్టలు, మరుగుదొడ్డి, కుర్చీలోకి మారడం, ఈ ఆరింటిలోనూ 5 చొప్పున పెరిగితే మొత్తం 85. మెట్ల దగ్గర ఇంకా సున్నాయే. ఆ సున్నానూ రాయాలి.

1 పేజీ

ఈ లెక్కంతా ఒక్క పేజీ ఉత్తరంలో పట్టాలి. ఎవరు పంపారు, ఏ ఇబ్బందితో వచ్చారు, అప్పుడెంత, ఇప్పుడెంత, ఇంకేం మిగిలింది. రోగి రివ్యూకి వెళ్లేలోపే అది డాక్టర్ బల్లమీద ఉండాలి. న్యూరాలజిస్టుకు పక్షవాతం కేసు, ఎముకల డాక్టర్‌కు మణికట్టు విరిగిన కేసు, కీళ్లవాతం డాక్టర్‌కు వేళ్లు బిగుసుకున్న కేసు, ఇలా ఎవరి రోగుల గురించి వారికి చెప్పాలి. అందరికీ ఒకే కరపత్రం పంచితే ఎవరికీ పనికిరాదు.

0 రూపాయలు

రోగిని పంపినందుకు డాక్టర్‌కు ఇవ్వదగిన కమీషన్ ఇంతే. వైద్యుల వృత్తి ప్రవర్తనపై 2002 నాటి నిబంధనలు రిఫరల్ కోసం కానుకైనా, కమీషనైనా ఇవ్వడం, అడగడం, తీసుకోవడం అన్నింటినీ నిషేధించాయి. అందువల్ల థెరపిస్టు డాక్టర్‌కు తిరిగి ఇవ్వగలిగింది సమాచారమే.

పెద్దాయన రివ్యూకి వెళ్లారు. “భోజనం ఎలా చేస్తున్నారు?” అని డాక్టర్ అడిగారు. భార్య జవాబు చెప్పేలోపు ఆయనే కుడిచెయ్యి చాపి, వేళ్లు ముడిచి ముద్ద చేసి చూపించారు. ఫైల్లో 55, 85 అన్న అంకెలున్న కాగితం తెరిచే ఉంది. బయట బెంచీ మీద మరో పక్షవాతం రోగి వంతు కోసం చూస్తున్నాడు.