పురిటి బిడ్డలో వృషణ మెలిక

వృషణానికి రక్తాన్ని చేర్చే నాళాలు, నరాలు, వీర్యవాహిక ఒక కట్టగా కలిసి గజ్జల మీదుగా దిగివస్తాయి. వృషణ రజ్జువు అనే ఆ కట్ట తన చుట్టూ తాను మెలిపడి, రక్తప్రసారం ఆగిపోవడాన్ని వైద్యులు టెస్టిక్యులర్ టార్షన్ అంటారు. యుక్తవయసు కుర్రవాళ్ళలో ఇది హఠాత్తుగా, భరించలేని నొప్పితో వస్తుంది. ఆరు గంటల లోపు మెలిక విప్పగలిగితే వృషణం చాలావరకు దక్కుతుంది. పురిటి బిడ్డలో మాత్రం లెక్క వేరు.

వృషణాన్ని కప్పి ఉండే ట్యూనికా వెజైనాలిస్ అనే పొర, పుట్టిన తొలి వారాల్లో తిత్తి గోడకు ఇంకా గట్టిగా అతుక్కోదు కాబట్టి, పొరతో సహా మొత్తం తిరిగిపోతుంది. సుమారు లక్ష కాన్పుల్లో ఆరింట కనిపించే ఈ స్థితిలో నాలుగింట మూడు వంతులు తల్లి కడుపులోనే జరిగిపోతాయి. అలాంటి బిడ్డకు పుట్టేసరికే తిత్తి ఒకవైపు నల్లబడి, లోపలిది రాయిలా గట్టిపడి ఉంటుంది. నొప్పి దశ దాటిపోయింది కాబట్టి బిడ్డ ఏడవడు, పాలూ మామూలుగానే తాగుతాడు. ఆ వృషణం బతికి బయటపడడం బహు అరుదు.

మిగిలిన వంతు పుట్టిన తరువాత, మొదటి నెలలోపు జరిగేది. కాపాడుకునే అవకాశం ఉన్నది ఇక్కడే. అది కాన్పయిన రోజు చేసే పరీక్ష మీద ఆధారపడుతుంది. హైదరాబాద్ కూకట్‌పల్లిలోని ఏ ప్రసూతి ఆసుపత్రి నుంచైనా తల్లీబిడ్డలు కొద్ది రోజులకే ఇల్లు చేరతారు. డిశ్చార్జి కాగితంలో బరువు, టీకాల పక్కన “రెండు వృషణాలూ తిత్తిలో మామూలుగా ఉన్నాయి” అన్న ఒక్క వాక్యం ఉంటే, వారం తరువాత కాళ్ళు చాపుకుని బిడ్డకు నీళ్ళు పోస్తున్న అమ్మమ్మకు కనిపించిన ఎర్రటి వాపు కొత్తదని సర్జన్‌కు వెంటనే తెలుస్తుంది, ఆలస్యం లేకుండా ఆపరేషన్‌కు సిద్ధపడతాడు. ఆ వాక్యం లేకపోతే అది పాతదా, కొత్తదా అన్న ఊహాగానంలోనే విలువైన గంటలు కరిగిపోతాయి.

మగపిల్లల్లో బుడ్డ, అంటే తిత్తిలో నీరు చేరడం, సర్వసాధారణం. ఏడాది రెండేళ్ళలో చాలావరకు తనంతట తానే తగ్గుతుంది. అందుకే “నీరులే, అదే పోతుంది” అన్న ఇంటి ధైర్యంలో తప్పుపట్టడానికేమీ లేదు, రంగు మారనంతవరకు, గట్టిపడనంతవరకు. టార్చి వేసినప్పుడు నీరైతే వెలుగు ప్రసరిస్తుంది, మెలికపడిన వృషణం గుండా ప్రసరించదు. అయితే మెలిక చుట్టూ కూడా కొంత నీరు చేరవచ్చు. రక్తప్రసారాన్ని చూపే కలర్ డాప్లర్ స్కాన్ కూడా అంత చిన్న అవయవంలో ఒక్కోసారి తడబడుతుంది. అనుమానం బలంగా ఉంటే స్కాన్ కోసం ఆపరేషన్‌ను ఆపకూడదన్నది అందుకే.

కడుపులోనే చచ్చుబడిన వృషణం విషయంలో సర్జన్లు ఏకాభిప్రాయానికి రాలేదు. పోయినది ఎలాగూ పోయింది, పసిబిడ్డకు మత్తు ఇస్తే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది, కొంతకాలం ఆగుదామని కొందరంటారు. రెండోవైపు కూడా, పైకి ఏ లక్షణమూ లేకుండానే, మెలిపడిన సందర్భాలున్నాయి కాబట్టి ఆగరాదని మరికొందరంటారు. రెండూ పోతే జీవితాంతం హార్మోన్ ఇవ్వాల్సి రావడమే కాక సంతానయోగ్యతా ఉండదు కాబట్టి, మత్తు వైద్యుడు, నవజాత శిశు విభాగం సిద్ధంగా ఉన్నచోట రెండో వాదనదే పైచేయి అనిపిస్తుంది. గజ్జలో కోత పెట్టి, మెలిక విప్పి, వెచ్చని తడి గాజుగుడ్డ చుట్టి రంగు తిరుగుతుందేమో చూస్తారు. తిరగకపోతే తీసేసి, మంచి వృషణాన్ని తిత్తిలో కుట్లతో నిలుపుతారు.

ఇంతటి సదుపాయం చిన్న నర్సింగ్‌హోమ్‌లో దొరకదు. ప్రభుత్వ వైద్యం కోరేవారికి రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ ఆసుపత్రి ఉంది. కూకట్‌పల్లి నుండి ఎర్రగడ్డ, అమీర్‌పేట, పంజాగుట్టల రద్దీ దాటుకుని చేరాలి. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో జబ్బుపడిన నవజాత శిశువుకు చికిత్స, రవాణా ఉచితం. బయలుదేరేవారు బిడ్డకు చివరిసారి పాలు పట్టిన వేళను గుర్తుపెట్టుకోవాలి, మత్తు వైద్యుడు మొదట అడిగేది అదే.

మిగిలిన ఒక్క వృషణం ఆరోగ్యంగా ఉంటే ఎదుగుదలకు, సంతానానికి సాధారణంగా లోటు రాదు. కావాలంటే యుక్తవయసులో సిలికాన్‌తో చేసిన కృత్రిమ వృషణాన్ని అమర్చుకోవచ్చు. క్రికెట్ ఆడే వయసు వచ్చాక మాత్రం గార్డు పెట్టుకోకుండా మైదానంలోకి దిగవద్దని వైద్యులు గట్టిగా చెబుతారు.