కాజీపేటలో రైలు తీగ కింద దిక్సూచి ఎందుకు తిరగదు?

కాజీపేట జంక్షన్ ప్లాట్‌ఫాం మీద తలెత్తి చూస్తే రైలు ఇంజనుకు కరెంటిచ్చే తీగ కనిపిస్తుంది. అందులో ఉండేది 25,000 వోల్టులు. కరెంటు పారే తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుందని పదో తరగతిలో చదువుకుంటాం కదా! మరి అక్కడ దిక్సూచి ముల్లు ఎందుకు తిరగదు?

క్షేత్రం లేక కాదు. ఇంజను 200 ఆంపియర్లు లాగుతోందనుకుందాం. ఆ తీగ ఒక్కదాన్నే లెక్కేస్తే 5 మీటర్ల దూరంలో క్షేత్రం 8 మైక్రోటెస్లాలు. వరంగల్ ప్రాంతంలో భూమి క్షేత్రం 40కి కాస్త పైన. అంటే దాదాపు ఐదో వంతు! ముల్లు పక్కకు జరగడానికి అది చాలు.

అసలు సంగతి దిశలో ఉంది. 1820లో డెన్మార్క్‌లో ఆయర్‌స్టెడ్ అనే శాస్త్రవేత్త ముల్లును కదిలించింది బ్యాటరీ కరెంటుతో. అది ఒకే వైపు పారుతుంది. రైలు తీగలోది ఏకాంతర విద్యుత్తు. సెకనుకు 50 ఆవర్తనాలు. దాంతోపాటే క్షేత్రమూ సెకనుకు 100 సార్లు దిశ మార్చుకుంటుంది. ముల్లు అటు కదలబోయేలోపే ఇటు తోపు పడుతుంది. అందుకే అది భూమి చూపిన దిక్కునే నిలుస్తుంది. ఒకవేళ కదిలిందంటే, పక్కనున్న ఇనుప స్తంభాన్నో, వచ్చి ఆగిన రైలునో అనుమానించండి.

చేసి చూడటానికి పట్టాల దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. ఇంట్లో 1.5 వోల్టుల సెల్, రాగి తీగ చాలు. దిక్సూచి మీదుగా, ముల్లుకు సమాంతరంగా తీగ పట్టుకుని ఒక్క క్షణమే కలపండి. ఎక్కువసేపైతే తీగ వేడెక్కుతుంది. తర్వాత సెల్‌ను తిప్పి పెట్టండి. ముల్లు ఈసారి రెండో వైపుకు తిరుగుతుంది.