ఎఫెసస్: సముద్రము విడిచిపోయిన రేవుపట్టణము

నేటి ప్రసంగమునకు నేను గైకొన్న విషయము ఎఫెసస్ అను ప్రాచీన నగరము. తెలుగు బైబిలు చదివినవారికి ఇది ఎఫెసు అను పేర పరిచితమే. నేటి తుర్కీ దేశమున, ఏజియన్ సముద్రపు తూర్పుతీరమున, గ్రీకులచే స్థాపింపబడి, పిదప రోమకుల యేలుబడిలో ఇది మహోన్నతదశ నందినది. మహానగరములు శత్రువుల చేతనో అగ్ని చేతనో నశించునని మనము సామాన్యముగా తలచుచుందుము. ఈ నగరచరిత్ర వేఱొక సంగతి చెప్పుచున్నది.

క్రీస్తునకు పూర్వము సుమారు 1000 ఏండ్లనాడు గ్రీకులు ఓడలపై వచ్చి ఇచ్చట కాపురముండిరి. కేస్టర్ అను నది సముద్రమున గలియు చోటది. తూర్పుదేశముల బాటలు ఇచ్చట ముగియుచుండెను. ఓడదారులు ఇచ్చట మొదలగుచుండెను. ఇక సంపదకు కొదువ యేమి? ఆర్టెమిస్ అను దేవతకు వారు పాలరాతి ఆలయము కట్టగా, ధనమునకు పేరొందిన లిడియా రాజు క్రీసస్ స్తంభములు సమర్పించెను. క్రీ.పూ. 356లో హీరోస్ట్రటస్ అనువాడు, తన పేరు లోకమున నిలువవలెనను దురాశచే దానికి నిప్పుపెట్టెను. పౌరులు క్రుంగక మరల కట్టిరి. ప్రపంచపు ఏడు వింతలలో ఒకటిగా దానిని లెక్కించిరి. క్రీ.పూ. 334లో అలెగ్జాండరు వచ్చి, వ్యయమంతయు భరింతును, శాసనమున నా పేరు చెక్కుడనగా, దేవుడు దేవతలకు కానుక లొసగుట తగునా యని యొక పౌరుడు నేర్పుగా తప్పించెనని స్ట్రాబో అను భూగోళ గ్రంథకర్త వ్రాసినాడు.

అగ్నిని జయించిన ఆ పౌరులకు బురద లొంగలేదు. నది తెచ్చు ఒండ్రు పొలమునకు వరము, రేవునకు శాపము. చెఱువున పూడిక తీయించిన పెద్దలకు దీనిని వివరింప నక్కఱలేదు. క్రీ.పూ. 3వ శతాబ్ది ప్రారంభమున లైసిమాకస్ అను రాజు క్రొత్తచోట ప్రాకారము కట్టించి, ఊరు మార్పుడని ఆజ్ఞాపించెను. ప్రజలు కదలలేదు. అతడు కుండపోత వాన కురియువఱకు కాచుకొని, మురుగుకాలువలు మూయించెను. ఇండ్లలో నీరు నిండినంతట అందఱును క్రొత్తయూరు చేరిరి!

అటుపిమ్మట శతాబ్దిలో అట్టలస్ అను రాజు పెద్ద ఓడలు రేవున జొచ్చుటకై ఒక ఉపాయము పన్నెను. రేవు ముఖమున కట్ట వేయించి దారి ఇఱుకు చేసినచో లోతు హెచ్చునని అతడును, అతని పనివారును నమ్మిరి. ఫలము తలక్రిందులయ్యెను. అంతకుమున్ను సముద్రపు ఆటుపోటులు ఒండ్రును బయటికి లాగుకొనిపోవుచుండెను. కట్ట అడ్డుపడగా అది లోననే నిలిచి, రేవంతయు మెఱక వేసెను.

క్రీ.పూ. 133లో ఆ రాజవంశపు కడపటి రాజు మరణశాసనముచే రాజ్యము రోమకుల పాలయ్యెను. ఎఫెసస్ వారి ఆసియా మండలమునకు ముఖ్యపట్టణమైనది. అచ్చటి నాటకశాలలో సుమారు 25,000 మంది కూర్చుండవచ్చును. సెల్సస్ అను అధికారి స్మృత్యర్థము కుమారుడు కట్టించిన గ్రంథాలయమున సుమారు 12,000 చుట్టలుండెనందురు. తండ్రి సమాధియు దాని క్రిందనే కలదు.

ఈ వైభవమంతయు రేవుపై నిలిచినది. క్రీ.శ. 61 ప్రాంతమున బారియా సొరానస్ అను మండలాధిపతి పూడిక తీయించెను. ఆ సత్కార్యమే నీరో చక్రవర్తికి కంటగింపైనది. 129లో హేడ్రియన్ చక్రవర్తి నదినే ప్రక్కకు మరలింప యత్నించెను. ఆ శతాబ్దిలోనే మఱియొక అధిపతి, కలప వర్తకులు గట్టుమీద దూలములు పేర్చరాదనియు, రాతిపనివారు అచ్చట రాళ్లు కోయరాదనియు శాసించెను. దూలముల బరువునకు గట్టు కుంగుచున్నదట. రాతికోతకు వాడు ఇసుకపొడి నీటబడి లోతు తగ్గుచున్నదట. నది తెచ్చునది చాలక, రేవువలన బ్రతుకువారే రేవును పూడ్చుచుండిరి! ఈ శాసనమే నా మనస్సున మిక్కిలి నాటినది.

3వ శతాబ్దిలో గోతులు ఆలయమును కొల్లగొట్టిరి. అయినను ఊరు నిలిచి, 431లో క్రైస్తవ మహాసభకు స్థానమైనది. కాని ఒండ్రు ఆగలేదు. క్రమముగా ఓడలు దూరమయ్యెను, చిత్తడి పెరిగెను, 7వ శతాబ్ది తరువాత జనులు దాపుననున్న అయసులూక్ కొండను చేరిరి. ఆలయపు చోటు సైతము మఱుగుపడెను. 1863 మొదలు వెదకిన వుడ్ అను ఆంగ్లేయుడు 1869 చివర సుమారు 20 అడుగుల లోతున దానిని కనుగొనెను. నేడచ్చట ముక్కలు పేర్చి నిలిపిన ఒకే స్తంభము కలదు. సముద్రము మూడు మైళ్లకు పైగా తొలగిపోయినది. 2015లో యునెస్కో ఈ శిథిలములను ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను.

అగ్ని పడినపుడు ఊరంతయు పరుగెత్తును. శత్రువు వచ్చినపుడు కోట తలుపులు మూయుదురు. దినమునకు పిడికెడు పడు మట్టికి ఎవ్వరును కేక వేయరు. దానికి మందు ఒక్కటే: తరతరమును విడువక తీయుచుండుట, మన చేత మఱి పిడికెడు పడకుండ చూచుకొనుట. ఎఫెసస్ వారు ఈ పనిని కొన్ని వందల యేండ్లు చేసిరి. చేసినన్నాళ్లు వారి రేవునకు ఓడలు వచ్చెను.