కంప్యూటర్ చిప్పుకు లోహపు రెక్కలు: వేడి నిజంగా తగ్గుతుందా?

ఇస్త్రీపెట్టె అడుగు ఎంత వేడెక్కుతుందో ఒకసారి చెయ్యి కాలినవారికి వేరే చెప్పనక్కర్లేదు. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె తన వేడినంతా 150 నుంచి 200 చదరపు సెంటీమీటర్ల పలక మీద పరుస్తుంది. అంటే చదరపు సెంటీమీటరుకు 5 నుంచి 7 వాట్లు. బల్ల మీది కంప్యూటర్‌లో ప్రాసెసర్ బాగా పనిచేస్తున్నప్పుడు వాడుకునేది 100 వాట్లే కావచ్చు. కానీ ఆ వేడి పుట్టే సిలికాన్ ముక్క వైశాల్యం చాలావాటిలో ఒకటి రెండు చదరపు సెంటీమీటర్లే. రెండు అనుకున్నా చదరపు సెంటీమీటరుకు 50 వాట్లు, అంటే ఇస్త్రీపెట్టె కంటే ఏడు నుంచి పది రెట్లు.

ఆ సిలికాన్ ఉష్ణోగ్రత సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. దాటబోతుంటే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. వేసవి మధ్యాహ్నం కంప్యూటర్ మందకొడిగా మారడానికి చాలాసార్లు కారణం ఇదే. అప్పటికీ వేడి పెరుగుతూ పోతే యంత్రం ఆగిపోతుంది. అందుకే చిప్పుల మీద రాగి మూతలు, అల్యూమినియం రెక్కలు, వాటి మీద ఫ్యాన్లు కనిపిస్తాయి. ఇప్పుడు ర్యామ్‌కూ, ఎస్‌ఎస్‌డీకీ కూడా లోహపు తొడుగులు అమ్ముతున్నారు. వీటిలో ఏది నిజంగా పనిచేస్తుందో తెలియాలంటే రెండు వేర్వేరు పనులను విడదీసి చూడాలి. ఒకటి వేడిని పరచడం, రెండోది వేడిని గాలికి అప్పగించడం. మొదటిది హీట్ స్ప్రెడర్ పని, రెండోది హీట్ సింక్ పని.

వంటింట్లో ఈ రెండూ రోజూ జరిగేవే. పలుచని స్టీలు గిన్నెలో పాలు కాస్తే మంట తగిలిన చోటే అడుగంటుతుంది. స్టీలుకు వేడిని పక్కలకు పంపే శక్తి తక్కువ. రాగి దానికంటే సుమారు పాతిక రెట్లు బాగా వేడిని మోస్తుంది కాబట్టి రాగి అడుగున్న గిన్నెలో మంట ఒకచోటే తగిలినా వేడి అడుగంతా సర్దుకుంటుంది. ఇది స్ప్రెడర్. పులిహోర కలపడానికి ఉడుకుడుకు అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి విసనకర్రతో విసరడం రెండో పని. అక్కడ అన్నం వేడి గాలిలోకి పోతుంది, కొంత ఆవిరి రూపంలో కూడా. హీట్ సింక్‌కు ఆవిరి సాయం లేదు, గాలి ఒక్కటే దిక్కు.

గాలి వేడిని ఎంత నత్తనడకన తీసుకుంటుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. కదలని గదిలో ప్రతి చదరపు మీటరు ఉపరితలం నుంచి, ప్రతి డిగ్రీ తేడాకు, గాలి పట్టుకుపోయేది దాదాపు 10 వాట్లు. ప్రాసెసర్ పైమూత నాలుగు సెంటీమీటర్ల చదరం అనుకుంటే, 65 వాట్లను గాలికి నేరుగా వదలడానికి ఆ మూత గది కంటే నాలుగు వేల డిగ్రీలు వేడెక్కాలి. అలా జరగదు, అంతకు చాలా ముందే కంప్యూటర్ ఆగిపోతుంది. అదే మూతకు మొత్తం 0.3 చదరపు మీటర్ల వైశాల్యం వచ్చేలా పలుచని రెక్కలు బిగించి, ఫ్యాన్‌తో గాలి వేగం పెంచి, గాలి పట్టుకుపోయే వేడిని మూడు రెట్లు చేస్తే ఆ నాలుగు వేలు కాస్తా ఏడు డిగ్రీలకు దిగుతుంది. ఇది కాగితం మీది మాట. వాస్తవంలో రెక్కల కొసలు మొదళ్లంత వేడెక్కవు, రెక్కల మధ్య నుంచి పోతున్న గాలి దారిలోనే వేడెక్కుతుంది. అందువల్ల ఏడు కాకుండా ఇరవై, ముప్పై డిగ్రీలు పెరగవచ్చు. అయినా ప్రాసెసర్ విషయంలో హీట్ సింక్ అవసరమా అన్న చర్చకు చోటు లేదు.

లోహం ఎంత మంచిదైనా మధ్యలో గాలి పొర ఉంటే అంతా వృథా. రాగి గాలి కంటే సుమారు పదిహేను వేల రెట్లు ఎక్కువగా వేడిని మోస్తుంది. నున్నగా కనిపించే రెండు లోహపు పలకలను ఒకదానిపై ఒకటి పెడితే అవి నిజంగా తాకేది అక్కడక్కడా ఎత్తుగా ఉన్న చోట్లనే, మిగతాదంతా గాలి. ఆ సందులు నింపడానికే థర్మల్ పేస్ట్. రెండు చదరపు సెంటీమీటర్ల చిప్పు మీద మిల్లీమీటరులో పదో వంతు మందాన పూర్తి గాలి పొర ఉందనుకుంటే 65 వాట్లు దాన్ని దాటడానికి వెయ్యి డిగ్రీలకు పైగా తేడా కావాలి. అంతే మందం మంచి పేస్ట్ ఉంటే ఆరేడు డిగ్రీలు చాలు. పేస్ట్ గొప్పదనం గాలితో పోల్చినప్పుడే. రాగితో పోలిస్తే అది ఎనభై వంతుల్లో ఒక వంతు పని కూడా చేయదు. అందుకే ఎక్కువ రాస్తే మేలు కాదు, కీడు.

పలుచన, మందం ఎంత తేడా తెస్తాయో ప్రాసెసర్ల చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. ఒకప్పటి ఏఎమ్‌డీ అథ్లాన్ ఎక్స్‌పీ చిప్పులకు పైమూత ఉండేది కాదు, సిలికాన్ బయటికే కనిపించేది. కూలర్ బిగించేటప్పుడు చెయ్యి తడబడితే మూల విరిగి చిప్పు పనికిరాకుండా పోయేది. అథ్లాన్ 64 నుంచి ఏఎమ్‌డీ, పెంటియం 4 రోజుల్లో ఇంటెల్ లోహపు మూతలు బిగించాయి. ఆ మూత సిలికాన్‌ను కాపాడుతూనే ఒకచోట పుట్టిన వేడిని పక్కలకు పరుస్తుంది. 2012లో వచ్చిన ఐవీ బ్రిడ్జ్ ప్రాసెసర్లలో ఇంటెల్ మూతకూ సిలికాన్‌కూ మధ్య అంతకుముందున్న టంకానికి బదులు పేస్ట్ వాడింది. ఔత్సాహికులు బ్లేడుతో మూత ఊడదీసి, పేస్ట్ మార్చి, మళ్లీ పెట్టి చూశారు. ఉష్ణోగ్రతలు పది, ఇరవై డిగ్రీల దాకా తగ్గాయి. మూత అంచుల్లోని జిగురు మందం వల్ల లోపలి సందు కాస్త పెరగడమే చాలావరకు కారణం. స్ప్రెడర్ కూడా వేడి దారిలో ఒక మెట్టే. సరిగా అతకకపోతే అదే అడ్డు అవుతుంది. 2018లో వచ్చిన తొమ్మిదో తరం ఐ9 ప్రాసెసర్‌లో ఇంటెల్ తిరిగి టంకం వాడింది.

రంగురంగుల ర్యామ్ తొడుగుల దగ్గర కథ మారుతుంది. సాధారణ డీడీఆర్4 మాడ్యూల్ బాగా పనిలో ఉన్నప్పుడు కూడా మూడు వాట్ల చుట్టూనే వాడుకుంటుంది. ఆ వేడి ఎనిమిది చిప్పుల మీద, 13 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల ఎత్తున్న బోర్డు రెండు వైపులా ముందే పరచుకుని ఉంది. పరచిన దాన్ని మళ్లీ పరచడానికి రేకు దేనికి? చదునైన రేకు ఉపరితలాన్ని పెద్దగా పెంచదు, గాలికి తగిలే వైశాల్యం ఇంచుమించు అంతే. నిశ్చలమైన గాలిలో ఈ మూడు వాట్లకు మాడ్యూల్ గాలి కంటే ముప్పై అయిదు డిగ్రీలు వేడెక్కితే, కేసులోని ఫ్యాన్ నుంచి కాస్త గాలి తగిలేసరికి అది పదిహేను లోపుకు వస్తుంది. తొడుగు కొనే డబ్బుతో ఒక మామూలు కేస్ ఫ్యాన్ కొనడం తెలివైన పని. మందమైన తొడుగులు పక్కపక్క మాడ్యూళ్ల మధ్య సందును మూసేసి గాలిని ఆపడమూ ఉంది.

అయితే ఈ తొడుగులు ఊరికే పుట్టలేదు. 2000 ప్రాంతంలో వచ్చిన ర్యాంబస్ మెమరీలో ఒక్కోసారి ఒకే చిప్పు భారమంతా మోసేది. వేడి ఒకే చోట చేరేది కాబట్టి దాన్ని పరిచే రేకు అక్కడ నిజంగా అవసరం. తర్వాత సర్వర్లలో వాడిన ఒక రకం మాడ్యూళ్లలో మధ్యనున్న నియంత్రణ చిప్పు విపరీతంగా వేడెక్కేది, అక్కడా రేకు పనికొచ్చింది. అవసరం పోయినా ఆకారం అందంగా మిగిలింది. డీడీఆర్5తో కొంత అవసరం తిరిగి వచ్చింది. వోల్టేజీని సర్దే చిప్పును ఇప్పుడు మాడ్యూల్ మీదే పెడుతున్నారు, అది ఒక వేడి చుక్క. తొడుగు లోపలి మెత్త ఆ చిప్పును తాకితేనే లాభం. మెమరీ వేడెక్కితే నష్టం కూడా ఊహ కాదు. 85 డిగ్రీలు దాటితే డీర్యామ్ తనలోని సమాచారం చెదరకుండా రెట్టింపు తరచుగా తిరగరాసుకోవాలి.

ఎస్‌ఎస్‌డీ సంగతి ఈ రెండింటికీ మధ్యస్తం. సన్నని ఎమ్.2 కార్డు మీద కంట్రోలర్ చిప్పు చిన్నది, కొన్ని వాట్ల వేడి దానిలోనే పుడుతుంది. ఉత్తరాలు టైపు చేసేవారికి, సినిమా చూసేవారికి హీట్ సింక్ ఉన్నా లేకున్నా తేడా తెలియదు. వంద గిగాబైట్ల వీడియోను ఒకేసారి కాపీ చేసేవారికి మాత్రం తెలుస్తుంది. కంట్రోలర్ 70, 80 డిగ్రీల దగ్గర వేగం తగ్గించేస్తుంది. చిన్న అల్యూమినియం దిమ్మె ఆ క్షణాన్ని వాయిదా వేస్తుంది, గాలి కూడా తగిలితే రాకుండానే చేస్తుంది. బిగించే ముందు మెత్త మీది ప్లాస్టిక్ పొర తీయడం మరిచిపోయేవారు తక్కువేమీ కాదు.

ఫ్యాన్, హీట్ సింక్ ఎంత పెద్దవైనా దాటలేని గీత గది ఉష్ణోగ్రత. చిప్పు నుంచి గాలి దాకా ప్రతి వాటుకు 0.6 డిగ్రీలు పెరిగే ఏర్పాటు ఉందనుకుంటే, 65 వాట్లకు 39 డిగ్రీలు. 25 డిగ్రీల ఏసీ గదిలో చిప్పు 64 దగ్గర ఉంటుంది. మే నెలలో నాగ్‌పూర్‌లోనో రామగుండంలోనో 45 డిగ్రీల గదిలో అదే యంత్రం, అదే పని, 84. కేసు లోపలి గాలి గది కంటే ఇంకాస్త వేడిగానే ఉంటుంది.

ఆ మిగిలిన కొద్ది డిగ్రీల వెసులుబాటును దుమ్ము తినేస్తుంది. రెక్కల సందుల్లో దుమ్ము చాపలా పేరుకుంటే 0.3 చదరపు మీటర్లలో గాలి తగిలేది ఏ కొంచెమో. ఎండలు ముదరకముందే కంప్యూటర్ కట్టేసి, ప్లగ్గు తీసి, బ్లోయర్‌తో ఊదితే చాలావరకు పోతుంది. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోవాలి. వదిలేస్తే అది మితిమీరిన వేగంతో తిరిగి బేరింగు పాడుచేసుకోవచ్చు.