కొలువులో మనసు చేసే పని

ఉద్యోగి పనితీరును అంచనా వేసే పత్రాల్లో హాజరుకు, నైపుణ్యానికి, లక్ష్యసాధనకు గడులు ఉంటాయి గాని, ఆ పని చేస్తున్నంతసేపూ మనసులో కదిలే కోపానికి, బెరుకుకు, ఉత్సాహానికి, విసుగుకు చోటుండదు. అవన్నీ ఇంటి దగ్గర వదిలి రావలసిన సొంత వ్యవహారాలన్న అభిప్రాయం కార్యాలయాల్లో చాలాకాలంగా పాతుకుపోయి ఉంది. గడచిన నాలుగు దశాబ్దాల పరిశోధన ఈ అభిప్రాయాన్ని తలకిందులు చేసింది. పనిచోట కలిగే భావాల్లో చాలా భాగం ఆ పని ఏర్పాటులోనే పుడుతుందనీ, కొన్ని ఉద్యోగాల్లో భావాలను అదుపులో పెట్టుకోవడమే అసలు పని అనీ మనస్తత్వవేత్తలు, సామాజిక శాస్త్రజ్ఞులు తేల్చారు.

శాస్త్రజ్ఞులు ఉద్వేగాన్నీ మనఃస్థితినీ వేరువేరుగా చూస్తారు. ఉద్వేగం ఫలానా మనిషి మీదో, ఫలానా సంగతి గురించో కలుగుతుంది. అందరి ముందు మందలించిన అధికారి మీద వచ్చే కోపం, చేజారిన పదోన్నతి గురించి కలిగే బాధ అలాంటివి, అవి తీవ్రంగా వచ్చి త్వరగానే తగ్గుతాయి. వాడుకలో మూడ్ అని చెప్పుకునే మనఃస్థితి అంత తీవ్రమైనది కాదు గాని, గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి నిలుస్తుంది, దాని కారణం చాలాసార్లు ఆ మనిషికే స్పష్టంగా తెలియదు. చిక్కంతా ఇక్కడే ఉంది. ఉదయం సమావేశంలో పడ్డ మాట మధ్యాహ్నానికి మరపున పడినా, అది మిగిల్చిన చిరాకు సాయంత్రం కౌంటరు ముందు నిలబడ్డ, ఏ సంబంధమూ లేని మనిషి మీదికి మళ్లుతుంది.

అధికారం తోడైనప్పుడు ఈ చిక్కు ఇంకా పెద్దదవుతుంది. సంతకం కోసం ఫైలు పట్టుకెళ్లేముందు అటెండరును పక్కకు పిలిచి సారు మూడ్ ఎలా ఉందని ఆరా తీయడం తెలుగునాట ఆఫీసుల్లో అందరూ ఎరిగిన జాగ్రత్తే; ఒకరి మనఃస్థితి మరొకరి సెలవునూ బదిలీనీ తేల్చగలదన్న అనుభవం నేర్పిన జాగ్రత్త అది. పైగా మనఃస్థితి ఒకరి నుంచి ఒకరికి పాకుతుందని పరిశోధకురాలు సీగల్ బార్సేడ్ 2002లో ప్రచురించిన ప్రయోగం చూపింది. బోనస్ సొమ్ము పంపకం గురించి చర్చించడానికి విద్యార్థులను చిన్న బృందాలుగా కూర్చోబెట్టి, వారికి తెలియకుండా ఒక శిక్షణ పొందిన నటుణ్ణి చేర్చి, కొన్నిచోట్ల ఉల్లాసంగా, కొన్నిచోట్ల చిరాగ్గా ప్రవర్తింపజేయగా, ఉల్లాసం పాకిన బృందాల్లో సహకారం పెరిగి తగవులు తగ్గాయి.

మనస్తత్వవేత్తలు హోవార్డ్ వైస్, రస్సెల్ క్రోపన్జానో 1996లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, రోజువారీ చిన్నచిన్న సంఘటనలే ఉద్వేగాలను పుట్టిస్తాయి, ఆ ఉద్వేగాలు పోగుపడి ఉద్యోగం మీద అభిప్రాయంగానూ ప్రవర్తనగానూ మారతాయి. భావాన్ని దాని కారణంతో కలిపి చూడడం మనకు కొత్త కాదు: నాట్యశాస్త్రం 8 స్థాయిభావాలను, వచ్చిపోయే 33 వ్యభిచారి భావాలను లెక్కించి, ఒక్కొక్క భావాన్నీ దానికి కారణమైన విభావంతో మొదలుపెట్టి వివరిస్తుంది. కార్యాలయాలు మాత్రం ఇప్పటికీ విభావాన్ని వదిలేసి భావాన్నే తప్పుపడుతున్నాయి. రాత్రికి రాత్రి మారిన షిఫ్టు, రోజుల తరబడి తేలని సెలవు దరఖాస్తు అలాగే ఉండగా, ఉద్యోగులను కూర్చోబెట్టి కోపం అణచుకోవడం గురించి తరగతులు చెప్పడం న్యాయం కాదు.

అయితే ఈ విషయంలో అన్నిటికన్నా లోతుకు వెళ్లిన పుస్తకం బర్క్‌లీ విశ్వవిద్యాలయ సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో ప్రచురించిన ‘ది మేనేజ్డ్ హార్ట్’. అట్లాంటాలో డెల్టా విమాన సంస్థ శిక్షణ కేంద్రాన్ని పరిశీలించిన ఆమె, జీతం కోసం తన భావాలను మలచుకుని ఎదుటివారిలో తగిన భావాన్ని కలిగించే పనికి భావోద్వేగ శ్రమ అని పేరు పెట్టారు. ఇది రెండు విధాలుగా సాగుతుంది. లోపల ఏమున్నా ముఖాన నవ్వు పులుముకోవడం పైపై నటన. ఆ భావాన్ని నిజంగానే తనలో తెచ్చుకోవడం లోతైన నటన. కేకలు వేసే ప్రయాణికుణ్ణి భయపడ్డ పిల్లవాడిగా భావించుకొమ్మని శిక్షణలో చెప్పేవారు, విమానాన్ని తమ ఇంటి ముందుగదిగా ఊహించుకొమ్మనేవారు. ఇలాంటి శ్రమను గట్టిగా కోరే ఉద్యోగాలు ఆనాటి అమెరికన్ కార్మికుల్లో సుమారు మూడో వంతు మందివనీ, స్త్రీలను మాత్రమే తీసుకుంటే సుమారు సగం మందివనీ ఆమె అంచనా.

హాక్‌షీల్డ్ బాకీలు వసూలు చేసేవారిని కూడా అధ్యయనం చేశారన్నది అంతగా ప్రస్తావనకు రాదు. విమానంలో పనిచేసేవారు సహజంగా ఉండేదానికన్నా మంచిగా కనబడాలి, వసూలుదారు జాలిని చంపుకుని కఠినంగా కనబడాలి. రెండూ భావోద్వేగ శ్రమే. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల వేధింపులు ఆత్మహత్యలకు దారితీశాయన్న ఆరోపణల మధ్య 2010 అక్టోబరులో వాటిని కట్టడి చేసే ఆర్డినెన్సు తెచ్చిన నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతంలో ఈ సంగతి మరింత శ్రద్ధగా చదవదగింది: వేధించినవారి బాధ్యత ఏమాత్రం తగ్గదు గాని, ఆ కాఠిన్యాన్ని ఉద్యోగ ధర్మంగా నేర్పిన ఏర్పాటునూ విచారించాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఈ శ్రమ చేసేవారు అడుగడుగునా ఉన్నారు. కిక్కిరిసిన బస్సులో చిల్లర తగువులు తీరుస్తూ టికెట్లు కొట్టే ఆర్టీసీ కండక్టరు, 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 సేవలో అవతలి ఏడుపు వింటూనే నిబ్బరంగా చిరునామా రాబట్టవలసిన ఉద్యోగి, గడపగడపకూ తిరిగే ఆశా కార్యకర్త ఈ కోవలోనివారే. ఆశాలకు కేంద్ర పథకం ఇచ్చే ప్రోత్సాహకాన్ని పనుల వారీగా లెక్కగడతారు; గర్భిణితో ఆసుపత్రికి తోడు వెళ్లడం, పిల్లలకు టీకాలు వేయించడం ఆ లెక్కలోకి వస్తాయి గాని, బిడ్డను పోగొట్టుకున్న తల్లి పక్కన కూర్చున్న గంట రాదు.

పైపై నటన ఎంత ఎక్కువైతే మానసిక అలసట అంత ఎక్కువగా కనబడుతుందని అనేక అధ్యయనాలు చూపాయి. అదుపు తప్పిన దీర్ఘకాలిక పని ఒత్తిడి వల్ల కలిగే నిస్సత్తువను, అంటే బర్నౌట్‌ను, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వ్యాధిగా గాక వృత్తి సంబంధమైన స్థితిగా నిర్వచించడంలోనే బాధ్యత ఎక్కడుందో సూచన ఉంది. దూషించే కాల్‌ను ముగించే హక్కు, ఒక మరణవార్త విన్న తర్వాత వెంటనే మరో కాల్ తీసుకోనక్కరలేని కొద్ది నిమిషాల వెసులుబాటు, నవ్వుతూ పనిచేసిన గంటల మధ్య నవ్వనక్కరలేని విరామం పెద్ద ఖర్చుతో కూడినవేమీ కావు; వాటిని డ్యూటీలో భాగంగా లెక్కించడమే రోస్టరు వేసేవారి ముందున్న పని.